తాతమ్మ కట్టుకున్నది నల్లచీర కాదు: పాత ఫొటోలు, ఇంటి కథలపై అపోహలు – వాస్తవాలు

పాత ఫొటోలు బాగుచేయడం, అందులో ఉన్నదెవరో ఆరా తీసి వంశవృక్షం గీసివ్వడం నా పని. ఫొటో పట్టుకొచ్చేవాళ్లు దాంతోపాటు కొన్ని నమ్మకాలూ మోసుకొస్తారు. తరచూ వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మనుషులు అబద్ధం చెబుతారేమో గానీ ఫొటో చెప్పదు.

స్టూడియో ఫొటో హాయిగా చెబుతుంది. కోటు, టై, చేతి గడియారం, పూలకుండీ, వెనక తెర మీద రాజమహల్ మెట్లు, చాలాసార్లు ఇవన్నీ స్టూడియోవాళ్లవే. ముత్తాత కోటేసుకున్నాడు కాబట్టి పెద్ద ఉద్యోగం చేసుంటాడని అనుకుంటారు. పంచె మీద కోటు అప్పటి ప్లీడర్లు, పంతుళ్లు మామూలుగా వేసుకునేదే. కాకపోతే భుజాలు జారి, చేతులు వేళ్లదాకా వచ్చాయంటే అది అరువు కోటు.

గోడ మీద పక్కపక్కన కూర్చున్న తాత, నాయనమ్మ అసలు ఎప్పుడూ కలిసి ఫొటో దిగి ఉండకపోవచ్చు. విడివిడి ఫొటోల్లోంచి ముఖాలు తీసుకుని, మిగతా ఒళ్లు చేత్తో గీసి, ఒకే ఫ్రేములోకి తెచ్చేవాళ్లు. మెడ దగ్గర కుంచె గీతలు కనిపించినా, ఒకరి మీద వెలుగు కుడి నుంచి, ఇంకొకరి మీద ఎడమ నుంచి పడుతున్నా అనుమానించండి. పోయినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి తీసి, కళ్లు తెరిచినట్టు దిద్దిన ఫొటోలూ ఉన్నాయి. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలన్నదే ఈ పనిలో నాకు అన్నిటికన్నా టెన్షన్.

అపోహ: రంగులు వేయిస్తే అప్పట్లో ఎలా ఉండేవాళ్లో తెలిసిపోతుంది.

ఫిల్ము రాకముందు వాడిన గాజు ప్లేట్లకీ, తొలినాటి ఫిల్ములకీ ఎరుపు ఆనేది కాదు. అందుకే ఎర్రచీర నల్లగా పడుతుంది, నుదుటి కుంకుమ కాటుకచుక్కలా కనిపిస్తుంది. నీలం మాత్రం పాలిపోయి తెల్లబడుతుంది. పెళ్లిఫొటోలో తాతమ్మ నల్లచీర కట్టుకుందేమిటని అడుగుతారు. పీటల మీద నల్లచీర ఎవరు కట్టనిస్తారు? అది చాలావరకు ఎరుపే అయ్యుంటుంది. ఒంటిచాయ కూడా ఉన్నదానికన్నా ముదురుగా పడుతుంది. ‘మామ్మ బాగా నలుపు’ అని ఇంట్లో పాతుకుపోయిన మాట ఆ ప్లేటు పుణ్యమే కావచ్చు. ఇవేవీ ఎరగని యాప్ నలుపుని నలుపుగానే ఉంచి, తోచిన రంగులు పూస్తుంది. మసక ముఖాన్ని స్పష్టం చేస్తామనే యాప్ ఇంకా ప్రమాదం. లేని కనుబొమ్మలు, లేని పెదవులు కల్పించి వేరే మనిషిని చూపిస్తుంది, మనం ‘అచ్చం మా మామ్మే’ అనేస్తాం. ముందు ఉన్నది ఉన్నట్టు మంచి రిజల్యూషన్‌లో స్కాన్ చేసి దాచండి. సరదాలు కాపీ మీద తీర్చుకోండి.

అపోహ: ఫొటో వెనక తేదీ ఉంటే ఇంక తిరుగులేదు.

‘నందన, వైశాఖం’ అని ఉందనుకోండి. నందన అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1892-93, మళ్లీ 1952-53. అప్పుడు స్టూడియోవాళ్ల గడియారమే అక్కరకొస్తుంది. ఎవరిదైతేనేం, మగవాడి చేతికి గడియారం ఉందంటే 1892 కాదులే. ఇక బడి రికార్డులో జూలై 1 పుట్టినరోజు కనిపిస్తే నమ్మకండి. అయ్యవారు వయసు అంచనా కట్టి రాసుకున్న తేదీ అది, ఊళ్లో సగంమంది అదే రోజు పుట్టి ఉంటారు.

అపోహ: ముసలివాళ్లకి ఏం గుర్తుంటుంది, అన్నీ కలిపేస్తారు.

మనం అడిగే తీరులో ఉంది. ‘ఏ సంవత్సరం?’ అంటే ఎవరైనా తడబడతారు. దివిసీమ ఉప్పెన (1977) నాటికి ఈ ఇల్లు కట్టారా? పోలీసు చర్య (1948) అప్పటికి నీకు పెళ్లయిందా? ఇలా అడిగితే జవాబు చప్పున వస్తుంది. ‘మన వంశం గురించి చెప్పు’ అనే బదులు ఫొటో చేతికిచ్చి, ఈ చంటిపిల్ల ఎవరు, ఆ ముక్కుపుడక ఇప్పుడెవరి దగ్గరుంది అనండి. మొగుడి పేరు పలకని నాయనమ్మలు ‘మీ తాతయ్య’ దగ్గరే ఆగిపోతారు. ఆ పేరు ఆవిడ ఆడపడుచు చెబుతుంది. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో ఒకే పేరున్న ఇద్దరు ఒకే మనిషిగా కలిసిపోయారేమో కూడా చూసుకోవాలి. తద్దినాలు పెట్టే ఇల్లయితే, తర్పణాల కోసం రాసుకున్న చీటీ అడగండి. అటు మూడు తరాలు, ఇటు మూడు తరాలు, వంశవృక్షంలో ఎవరూ ఎక్కించని ఆడవాళ్ల పేర్లతో సహా ఉంటాయి.

అయితే ‘మాకు వందల ఎకరాలుండేవి, ముత్తాత దానం చేసేశాడు’ అన్న కథ మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దానికి మందు పాత దస్తావేజులు, భూమి ఎవరిదో రాసిపెట్టిన పాత సర్కారు రికార్డులు: ఆంధ్రలో ఆర్ఎస్ఆర్ (రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు), తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ. ఎకరాల లెక్క తగ్గినా కథ పారేయకండి. ఆ ఊరు, ఆ దాయాదుల తగాదా నిజమే అవుతుంటాయి.

అపోహ: భూమీ పుట్రా లేనివాళ్లకి చరిత్రేముంటుంది?

ఈ మాట చాలాసార్లు ఆ ఇంటివాళ్లే అంటారు, అదే బాధ. పట్టాలు లేకపోతే వేరే చోట వెతకాలి. ధాత కరువు (1876-78) చివర్లో, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అలాంటి కుటుంబాలకు పట్టా పుస్తకం కన్నా చర్చి రిజిస్టరు దగ్గరి దారి. పేరు అక్కడ మారి ఉండొచ్చు, పాత పేరు కూడా అడగండి.

1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లిన కూలీల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసేవాళ్లు. తెల్లవాళ్ల చెవికి తెలుగు పేర్లు ఎలా వినబడ్డాయో అలా ఉంటాయి కాబట్టి పైకి చదివి చూడాలి. మారిషస్‌లో మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో అయితే వలసకూలీల ఫొటోలే ఉన్నాయి. మరి కులకథలు చెప్పే డక్కలివాళ్లు మాదిగలకు, కూనపులివాళ్లు పద్మశాలీలకు బొమ్మల పటం పరిచి చెప్పేది ప్రధానంగా ఆ కులం పుట్టుక గురించిన కులపురాణం. అందులో మీ ముత్తాత పేరు దొరుకుతుందనుకోవద్దు. కానీ కథ చెప్పే హక్కు తరతరాలుగా తమకున్న మిరాశీ ఊళ్లలో ఎవరి కుటుంబాలున్నాయో వాళ్లకి తెలుసు, వెళ్లి మాట్లాడటం వృథా కాదు.

అపోహ: ఇంటిపేరు ఒకటైతే చుట్టాలే. కాదు. ఊరిపేరు ఇంటిపేరైనచోట ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనిపిస్తుంది.

అపోహ: లామినేషన్ చేయిస్తే శాశ్వతం. వేడికి ఫొటో పాడవుతుంది, మళ్లీ విడదీయలేం. జిగురు పేజీల ఆల్బమ్ అంతకన్నా మేలేం కాదు. వెనక పేర్లు మెత్తని పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ వద్దు. చెమ్మకి ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుపోతే చాకు పెట్టి లాగకుండా, అద్దంతో సహా స్కాన్ చేయించండి.