తూటాను సొంతంగా నింపుకోవడం నేరమెప్పుడైంది?

విజయవాడ, గుంటూరుల్లో లైసెన్సు రైఫిల్ ఉన్న పాతతరం వాళ్లూ, షూటింగ్ నేర్చుకుంటున్న కుర్రాళ్లూ తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. అమెరికాలో వేటగాడు తన తూటాలు తనే ఇంట్లో నింపుకుంటాడు కదా, మనకెందుకు కుదరదు? ‘వేట నిషేధం కాబట్టి’ అనేస్తారు చాలామంది. అది సరైన జవాబు కాదు. ఈ కట్టడి వేట నిషేధం కంటే దాదాపు వందేళ్లు పాతది.

ముందు ఆ పని సంగతి. తూటా పేలాక మిగిలేది ఇత్తడి గుల్ల. దాని అడుగున ప్రైమర్ (దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న మూత) మీద సూది పొడిచిన గుంట ఉంటుంది, మూతి కొద్దిగా వెడల్పవుతుంది. ఆ గుల్ల పారేసేది కాదు, కొత్త ప్రైమర్, పేలుడు మందు, గుండు పెడితే మళ్లీ పనికొస్తుంది. 1860ల్లో ఇంగ్లండ్‌కు చెందిన బాక్సర్, అమెరికాకు చెందిన బెర్డాన్ చెరో రకం ప్రైమర్ తెచ్చారు. బాక్సర్ రకం గుల్లకు నడుమ ఒకటే రంధ్రం కాబట్టి పాత ప్రైమర్‌ను తోసేయడం తేలిక. విచిత్రంగా అమెరికాలో నిలిచింది ఆ ఇంగ్లిషు పద్ధతే. తూటాలు సొంతంగా నింపుకునే అలవాటు అక్కడ అంతగా పాకడానికి అదీ ఒక కారణం.

పొదుపు కోసం మొదలైన పని తర్వాత గురి కోసమైంది. మందును గ్రెయిన్లలో తూస్తారు, ఒక గ్రాముకు పదిహేను గ్రెయిన్ల పైచిలుకు. మందు కొలత మారి తూటాకూ తూటాకూ వేగంలో తేడా ఉంటే వంద మీటర్లలో తెలియదు. ఆరు వందల మీటర్లకు వెళ్లేసరికి గుండు జానెడు పైకో కిందికో తగలొచ్చు. దూరపు గురి మీద మనసున్నవాళ్లు దీనికోసం ఎందుకు తపిస్తారో ఇక్కడే అర్థమవుతుంది.

మన దగ్గర కథ వేరేగా నడిచింది. 1857 తిరుగుబాటు తర్వాత జనం చేతిలో ఆయుధమంటే తెల్లదొరలకు గుబులు. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం వచ్చింది. యూరోపియన్లకు మినహాయింపు, మనవాళ్లకు లైసెన్సు. తయారీకి విడిగా మరో లైసెన్సు. అంతకంటే ముఖ్యమైంది, ‘మందుగుండు’ నిర్వచనంలో తూటా భాగాలనూ, దాన్ని తయారుచేసే యంత్రాలనూ కలిపేశారు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకోవడం పౌరుల హక్కని చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో చేసి 1962లో అమలుకు తెచ్చిన చట్టం తెల్లవాళ్ల మినహాయింపును తీసేసింది గానీ ఆ నిర్వచనాన్ని మాత్రం దాదాపు అలాగే ఉంచింది. అందుకే తూటా నింపడానికి బల్లమీద బిగించే చిన్న ప్రెస్ (నొక్కుడు యంత్రం) కూడా చట్టం లెక్కలో మందుగుండే. గుంటూరు కలెక్టరేట్‌లో ఇచ్చే మామూలు లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికే, తూటా తయారీకి కాదు.

తుపాకి బోరు (గొట్టం లోపలి వెడల్పు) వెనకా ఇదే భయం ఉంది. సైన్యం అప్పట్లో వాడిన .303 పౌరులకు నిషిద్ధం కావడంతో .315 బోరు రైఫిళ్లు వాడుకలోకి వచ్చాయి. బెంగాల్‌లోని ప్రభుత్వ ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిల్ ఆ కోవదే.

వేట సంగతికొస్తే, 1972 వన్యప్రాణి చట్టం దాన్ని గట్టిగా కట్టడి చేసింది, 1991 సవరణ దాదాపు పూర్తిగా ఆపేసింది. పల్నాడులో మొక్కజొన్న చేను అడవిపందుల పాలైనా అనుమతి లేకుండా రైతు తుపాకి ఎత్తకూడదు. కాబట్టి ఇవాళ ఈ ప్రశ్న వేటగాళ్లది కాదు, పోటీలకు దిగే షూటర్లది.

ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ఒక్కొక్కరికి లైసెన్సు తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. అక్రమ తయారీకి శిక్షను ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పెంచింది. నాటు తుపాకుల కొలిమి నడిపేవాడికి అది తగిన శిక్షే. బెజవాడ ఎండల్లో, అపార్టుమెంటు గదిలో మందు నిల్వ పెట్టడాన్ని నేనూ ఒప్పుకోను. కానీ షూటింగ్ రేంజ్‌లో, అధికారుల కళ్లెదుట, తన పోటీ తూటాను తూచి నింపుకోవాలనుకునే క్రీడాకారిణినీ ఆ కొలిమివాడినీ ఒకే సెక్షన్‌లో కట్టేయడం అన్యాయం. సవరించాల్సింది 1878 నాటి ఆ నిర్వచనాన్ని.