పాలు కక్కితే పొలమారదూ?

మా చెల్లెలు పురిటికి వచ్చినప్పటి మాట. పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెడుతుంటే అమ్మ ఊరుకోలేదు. "పాలు కక్కితే పొలమారదూ? బోర్లా వెయ్యవే. మిమ్మల్నందర్నీ అట్లాగే పెంచాను."

అమ్మను తప్పుపట్టలేం. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల డాక్టర్లూ ఇదే భయంతో బోర్లానే వేయమనేవారు. కానీ మెడ ముందు భాగం వేలితో తడిమి చూడండి. ఉంగరాల్లా గట్టిగా తగిలేది శ్వాసనాళం. పాలు దిగే అన్నవాహిక దాని వెనక ఉంటుంది. పిల్లాడు వెల్లకిలా ఉంటే శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద. కక్కిన పాలు ఊపిరి గొట్టంలోకి పోవాలంటే పైకెక్కాలి. బోర్లా వేస్తే అంతా తారుమారు, పాలు కిందికి జారేది శ్వాసనాళం వైపే.

"బోర్లా వేస్తే హాయిగా నిద్రపోతాడు" అన్నదీ నిజమే. చిక్కంతా అక్కడే. మెత్తటి పరుపులో ముక్కు కూరుకుపోతే, వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాడు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పిల్లలు మామూలుగా మేలుకుని తల తిప్పుతారు, ఏడుస్తారు. గాఢనిద్రలో కొందరు మేలుకోలేరు. ఏడాదిలోపు పిల్లలు నిద్రలోనే, కారణం తెలియకుండా చనిపోవడాన్ని డాక్టర్లు సిడ్స్ అంటారు. రెండు నుంచి నాలుగు నెలల వయసులో ఇది ఎక్కువ.

బ్రిటన్ 1991లో, అమెరికా 1994లో 'వెల్లకిలా పడుకోబెట్టండి' అని ఊరూరా ప్రచారం చేశాయి. అమెరికాలో 1990తో పోలిస్తే 2000 నాటికి సిడ్స్ మరణాల రేటు సగానికి పడిపోయింది. మందు లేదు, మిషన్ లేదు!

ఇక మన ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలని పెడతాం గానీ, నిద్రలో ఏ దిండూ వద్దు. తల చదును కాకుండా ఉండాలంటే, మెలకువగా ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని కాసేపు బోర్లా ఆడిస్తే చాలు. చీర ఉయ్యాల సంగతి ఇంకాస్త కష్టం. ఆ ఒంపులో గడ్డం ఛాతీకి ఆనితే మెత్తటి ఊపిరి గొట్టం మడత పడుతుంది. 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే పిల్లల పడకలను అమెరికా 2022లో చట్టం చేసి మరీ నిషేధించింది. ఉయ్యాల్లో జోకొట్టినా, కునుకు పట్టగానే గట్టి, చదునైన పక్క మీదికి మార్చడం మేలు. పక్క మీ గదిలోనే, విడిగా ఉండాలి. మే నెలలో టోపీ, స్వెట్టరు, పైన దుప్పటి ఎందుకో నాకైతే అర్థం కాదు. ఒళ్లు వేడెక్కినా ప్రమాదమే.

ఇంతా చెబితే అమ్మ మెడ తడుముకుని, "మరి వాడే బోర్లా పడితే?" అంది. అటూ ఇటూ తనంతట తాను దొర్లడం వచ్చాక, వెల్లకిలా పడుకోబెట్టి వదిలేయొచ్చు, రాత్రంతా లేచి తిప్పక్కర్లేదు. బోర్లా పడిన రోజు బొబ్బట్లు ఎలాగూ చేస్తుంది.