డివ్‌లతో కట్టిన పేజీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: పేజీ కంటికి బాగుంటే చాలు, లోపల ఏ హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ (పేజీలో ఏ ముక్క ఏంటో బ్రౌజర్‌కి చెప్పే గుర్తు) అయితే ఏంటి?

వాస్తవం: నేనూ చాలాకాలం ఇదే నమ్మాను. మధురవాడలో ఉద్యోగంలో చేరిన కొత్తలో సిటీ బస్సుల టైమింగ్స్ పేజీ ఒకటి చేశాను. హెడ్డింగులు, మెనూ, ‘వెతుకు’ బటన్, అన్నీ డివ్‌లే, అంటే ఏ అర్థమూ చెప్పని ఉత్త డబ్బా ట్యాగ్‌లే. మద్దిలపాలెంలో ఉండే ఒక డిగ్రీ కుర్రాడికి చూపు లేదు. నా పక్కనే కూర్చుని ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఆ పేజీ తెరిచాడు. హెచ్ కీ నొక్కితే తర్వాతి హెడ్డింగ్‌కి వెళ్లాలి. లేదంది. బి నొక్కితే బటన్‌కి వెళ్లాలి. అదీ లేదంది. “అన్నా, గాజువాక బస్సు కోసం పైనుంచి ఇదంతా వినాలేటి?” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ సాయంత్రమే రూట్ల పేర్లను హెచ్2లుగా (రెండో స్థాయి హెడ్డింగులు), మెనూని నావ్‌గా, అసలు విషయాన్ని మెయిన్‌గా, టైమింగ్స్‌ని టేబుల్‌గా మార్చాను. సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని దిద్దే కోడ్) కాస్త సర్దితే రూపం ఏమాత్రం చెడలేదు. మళ్లీ తెరిచాడు. హెచ్ మూడుసార్లు నొక్కాడు, గాజువాక వచ్చేసింది.

అపోహ: డివ్‌కి రోల్ (ఆ ముక్క పాత్ర ఏంటో చెప్పే విలువ) దగ్గర బటన్ అని రాస్తే బటన్ అయిపోతుంది.

వాస్తవం: స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని పిలుస్తుంది, అంతవరకే. ట్యాబ్ కొడితే దాని మీద ఆగదు, ఎంటర్‌కీ స్పేస్‌కీ పలకదు. అవన్నీ మనమే రాసుకోవాలి. బటన్ ట్యాగ్‌కి ఇవి పుట్టుకతోనే ఉంటాయి.

అపోహ: డివ్ అంటేనే తప్పు, అన్నీ సెక్షన్‌లు చేసేయాలి.

వాస్తవం: ఇది కూడా అంతే చేటు. లేఅవుట్ కోసం పెట్టే డబ్బాకి డివే సరి. హెడ్డింగ్ పెట్టదగ్గ విషయం ఉంటేనే సెక్షన్. ఆ ముక్క ఒక్కటే తీసి ఇంకోచోట పెట్టినా అర్థమయ్యేలా ఉంటే ఆర్టికల్.

అపోహ: ప్రతి సెక్షన్‌లో హెచ్1 పెట్టినా స్థాయిలు బ్రౌజరే లెక్కగట్టుకుంటుంది.

వాస్తవం: 2014 నాటి హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంలో ఆ లెక్క ఉండేది. బ్రౌజర్లు అమలు చేయలేదు. 2022లో ప్రమాణంలోంచే తీసేశారు. హెచ్1 తర్వాత హెచ్2, దాని కింద హెచ్3, ఈ వరస మన చేతిలోనే ఉంది. అక్షరం సైజు చూసి హెచ్4 ఎంచుకోకండి, సైజు సీఎస్‌ఎస్ పని.

అపోహ: లాంగ్ విలువ (పేజీ ఏ భాషలో ఉందో చెప్పేది) రాయకపోయినా తెలుగు తెలుగే కదా.

వాస్తవం: హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ విలువ ‘టీఈ’ అని ఉంటే ఎన్‌వీడీఏ తెలుగు గొంతుకి మారగలదు. టెంప్లేట్‌లో వచ్చిన ‘ఈఎన్’ అలాగే వదిలేస్తే మన తెలుగుని ఇంగ్లిష్ గొంతు చదవబోతుంది. మీ పేజీ తెరిచి ముందు ఆ ఒక్క లైను చూడండి.