"ముందు ఆ గుర్రాల్ని ఇక్కణ్ణుంచి పంపేయండి": రేసుకోర్సు పక్క కాలనీల్లో నేను రోజూ వినే అపోహలు

గుర్రాల డాక్టరునని తెలిశాక హైదరాబాద్ మలక్‌పేటలో జనం నన్ను ముఖ్యంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఆదివారం ఏ గుర్రం కొడుతుంది? గుర్రాలకు వచ్చే ఆ గ్లాండర్స్ అనే అంటురోగం మా పిల్లలకు కూడా వస్తుందా? మొదటి ప్రశ్నకు చివర్లో జవాబు చెప్తాను. రెండోది అడిగే తల్లుల మొహం చూస్తే మాత్రం వెంటనే చెప్పాలనిపిస్తుంది.

రేసుకోర్సు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారింది 1886లో. అప్పటికి ఇటువైపు మహబూబ్ మాన్షన్, మూసీ, మిగతాదంతా చాలావరకు ఖాళీ నేల. ఇప్పుడు పక్కనే మెట్రో పోతోంది, చుట్టూ అపార్ట్‌మెంట్లు. రేసుల వైపు మాట్లాడేవాళ్ళు "మేమొచ్చి నూట నలభై ఏళ్ళు, మీరు నిన్న వచ్చారు" అంటుంటారు. నాకా మాట నచ్చదు. నెలనెలా అద్దె కట్టుకునే మనిషికి ఎవరు ముందొచ్చారన్న చరిత్రతో పనేముంది? వాళ్ళ ఇంట్లోకి ఈగలొస్తే వచ్చినట్టే కదా. కానీ కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలు చూస్తే అటువైపు కూడా ఓపిక పడుతూ కూర్చోలేను.

వాటన్నిటిలో అందరికీ ఎక్కువ నష్టం తెచ్చే అపోహ ఒకటుంది. దాని గురించే ఎక్కువ చెప్తాను.

అపోహ: "గుర్రానికి రోగం వచ్చిందట. రాత్రికి రాత్రి లారీ ఎక్కించి ఊరి బయటికి పంపేస్తే పీడ వదులుతుంది."

వినడానికి సబబుగానే ఉంటుంది. ఇంట్లో పాము దూరితే బయటికి తోలేస్తాం కదా, ఇదీ అంతే అనుకుంటారు. కానీ గ్లాండర్స్ విషయంలో ఇంతకన్నా ప్రమాదకరమైన పని లేదు. ఆ బ్యాక్టీరియా రోగమున్న గుర్రం ముక్కు చీమిడిలో, చర్మం మీది పుండ్ల రసిలో ఉంటుంది. ఒకే తొట్టిలో నీళ్ళు తాగడం వల్ల, ఒకే బ్రష్షుతో తోమడం వల్ల పక్క గుర్రానికి అంటుతుంది. గోడ దాటి గాల్లో ఎగిరొచ్చి మూడో అంతస్తు బాల్కనీలో దిగేది కాదు. దోమ వల్లా రాదు. మనిషికి సోకవచ్చు, సోకితే చిన్న జబ్బు కాదు కూడా. అందుకే జాగ్రత్త పడాల్సింది గుర్రాల్ని చూసుకునే సైసులు, నాడాలు కొట్టే నాల్‌బందులు, నాలాంటి డాక్టర్లు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళు. అంటే రోజంతా ఆ ముక్కు పక్కనే నిలబడేవాళ్ళు.

ఇప్పుడా గుర్రాన్ని మీరు "పంపేశారు" అనుకుందాం. ఎక్కడికి? ఊరి బయట అంటే అది ఇంకొకరి ఊరే. అక్కడ పెళ్ళి గుర్రాలుంటాయి, ఇటుక బట్టీల గాడిదలుంటాయి. కొన్ని గుర్రాలు పైకి నిగనిగలాడుతూనే నెలల తరబడి రోగాన్ని మోస్తాయి. ఇక్కడ ఒక్క లాయంలో ఆగిపోవాల్సినది నాలుగు మండలాలకు పాకుతుంది. దీనికి టీకా లేదు. రోగమున్నట్టు ఖాయమైన గుర్రానికి వైద్యం చేయరు, బాధ తెలియకుండా ప్రాణం తీస్తారు. నా వృత్తిలో నేను అసహ్యించుకునే పని ఇదొక్కటే. మీరు కదిలించిన ప్రతి గుర్రం వల్ల ఆ పని ఇంకో నాలుగుసార్లు చేయాల్సి రావచ్చు.

అందుకే 2009 నాటి జంతువుల అంటువ్యాధుల చట్టం సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పని చేయమంటుంది. ఎక్కడున్నది అక్కడే ఆపు, చెప్పు, పరీక్ష చేయించు. అనుమానం ఉంటే రక్తం తీసి హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపుతారు. రోగం ఖాయమైతే చుట్టూ ఒక పరిధి గీసి, అందులో ఉన్న గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదల కదలికలు ఆపేస్తారు. ఈ పరిధిని 2025లో సవరించిన జాతీయ ప్రణాళికలో 5 కిలోమీటర్ల నుంచి 2 కిలోమీటర్లకు తగ్గించారు. ఆ 2 కిలోమీటర్ల మాట పట్టుకుని "మా అపార్ట్‌మెంటు కూడా డేంజర్ జోన్‌లో ఉందట" అని ఒకాయన రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. అయ్యా, ఆ గీత గుర్రాల కోసం. మీరు నిశ్చింతగా ఆఫీసుకు వెళ్ళొచ్చు.

కొన్నేళ్ళ క్రితం, వేరే ఊళ్ళో, ఒక లాయంలో రెండేళ్ళ గుర్రప్పిల్లకి ముక్కు కారింది, దవడ కింద గడ్డ కట్టింది. చూడగానే స్ట్రాంగిల్స్ అనిపించింది, అంటే గుర్రాలకు దవడ కింద గడ్డలు కట్టే వేరే అంటురోగం. పిల్ల గుర్రాల్లో మామూలే. అయినా రక్తం తీసి పంపాం, లాయం మూశాం. సాయంత్రానికి ఎవరో వాయిస్ మెసేజ్ పెట్టారు, గుర్రాలకు ప్లేగు వచ్చిందని. ఏడు గంటలకల్లా గేటు ముందు అరవై మంది చేరారు. లారీ తెప్పించండి, లేకపోతే మేమే తెప్పిస్తాం అన్నారు. అరిచేవాళ్ళకు నేనూ అరిచే జవాబిచ్చాను, అబద్ధమెందుకు. గుంపు వెనకాల ఒక పెద్దావిడ మాత్రం అరవకుండా నిలబడి, అందరూ కాస్త తగ్గాక దగ్గరికొచ్చింది. "బాబూ, మా మనవరాలికి నిన్నట్నుంచి ముక్కు కారుతోంది. ఆ గుర్రం నుంచేనా?" అంది. కాదమ్మా, వానాకాలం జలుబు అన్నాను. నమ్మలేదు. "నువ్వా గుర్రాన్ని ముట్టుకుని ఇంటికెళ్ళి మీ పిల్లల్ని ఎత్తుకుంటావా?" అని అడిగింది. బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని ఎత్తుకుంటానమ్మా అన్నాను. అప్పుడు వెళ్ళింది. పరీక్షలో గ్లాండర్స్ లేదని తేలింది, గడ్డ పగిలి గుర్రప్పిల్ల కోలుకుంది. ఆ రాత్రి లారీ వచ్చి ఉంటే, రిపోర్టు వచ్చేనాటికి ఆ గుర్రప్పిల్ల ఎక్కడుండేదో ఎవరికీ తెలిసేది కాదు.

కాలనీవాళ్ళ భయానికి నలిగిపోయేది రేసు గుర్రం యజమాని కాదు, పెళ్ళి గుర్రాల వాళ్ళు. రేసు గుర్రానికి పాస్‌పోర్టు ఉంటుంది, ట్రైనర్ ఉంటాడు, డాక్టరు ఉంటాడు. బరాత్ గుర్రం నడిపే చాచాకు ఉండేది ఆ రెండు గుర్రాలే, కట్టుకునేది ఎవరిదో ఖాళీ ప్లాటులో. ఒకసారి అలాంటి ఒకాయన్ని రక్తం ఇప్పించమని అడిగాను. "రేపు పొద్దున రండి డాక్టర్ సాబ్" అన్నాడు. మర్నాడు వెళ్తే గుర్రాలు లేవు, తాళ్ళు కట్టిన మేకులు కూడా లేవు. పక్కింటివాళ్ళు రాత్రి వచ్చి బెదిరించారట. ఆ రెండు గుర్రాలకు ఏముందో, ఏమీ లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన మీద కోపం రాలేదు. బెదిరించినవాళ్ళ మీద వచ్చింది. రోగం తమ వీధి నుంచి పోయిందనుకున్నారు, కనిపించకుండా పోయిందంతే.

లారీ ఎక్కించడమే గుర్రానికి ఒక పరీక్ష. తల కిందికి దించే వీలు లేకుండా గంటల తరబడి నిలబెడితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. షిప్పింగ్ ఫీవర్ అంటాం. నీళ్ళు తగ్గితే కడుపునొప్పి. 2025 ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్ దగ్గరికి 57 గుర్రాల్ని తరలించారు. వెళ్ళిన కొద్దిరోజులకే అక్కడ చావులు మొదలయ్యాయి, వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టుకు చేరింది. ఎవరిది తప్పో కోర్టు చూసుకుంటుంది. ఆ వార్త చదివాక కూడా "పంపేయండి" అనే మాట అంత తేలిగ్గా ఎలా వస్తుందన్నదే నా ప్రశ్న.

మిగతావి గబగబా.

దోమలు. గుర్రపు లద్దెలో దోమలు పుట్టవు, వాటికి నిలవ నీళ్ళు కావాలి. కాలనీ మీటింగులో ఒకాయన "అంతా ఆ గుర్రాల వల్లే" అంటే, నేను మూసీలో పరుచుకున్న గుర్రపు డెక్కను చూపించాను. పేరులో గుర్రం ఉంది కాబట్టి ఆయన మాట సగం నిజమే!

ఈగలు. ఇది అపోహ కాదు, మీ ఫిర్యాదు న్యాయమైనదే. ఒక గుర్రం రోజుకు 15 నుంచి 20 కిలోల లద్దె వేస్తుంది. వేడి రోజుల్లో ఈగ గుడ్డు పెద్దదై ఎగరడానికి వారం పది రోజులు చాలు. ఏ లాయమైనా వారం లోపల కుప్ప ఎత్తకపోతే నిలదీయండి. అడగాల్సింది "గుర్రాలు పోవాలి" అని కాదు, "కుప్ప ఏ రోజు ఎత్తుతారు" అని.

పటాకులు. గోడ పక్కన కాల్చొద్దంటే దొరల గుర్రాల కోసం మా పండగ ఆపుతారా అంటారు. బెదిరిన గుర్రం గడియను తన్ని కాలు విరగ్గొట్టుకుంటుంది. ఆ రాత్రి దాని పక్కన కూర్చునేది దొర కాదు, నెల జీతం మీద బతికే సైసు.

కరిచినా తన్నినా సబ్బు నీళ్ళతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. టీటీ కావాలో, రేబిస్ టీకా కావాలో అక్కడ చెప్తారు. పసుపు అద్ది ఊరుకోవద్దు.

"రేసుకోర్సు ఎత్తేస్తున్నారట." 2024 సెప్టెంబరులో చెన్నై గిండీలో ప్రభుత్వం లీజు రద్దు చేసి తాళం వేశాక ఇక్కడ ఈ మాట మరీ పెరిగింది. బ్రోకరు నోట విని ప్లాటు కొనకండి.

ఇక ఆ మొదటి ప్రశ్న, ఆదివారం ఏ గుర్రం కొడుతుందని. గుర్రం ఆరోగ్యంగా ఉందో లేదో చూడటం వరకే నా పని. పరుగెత్తే పదీ ఆరోగ్యంగానే ఉంటాయి, గెలిచేది ఒకటి. ఇంకో మాట, తెలంగాణ గేమింగ్ చట్టం వదిలిపెట్టింది రేసు రోజున, కేటాయించిన ఆవరణలో, లైసెన్సు ఉన్న చోట కాసే పందేన్ని మాత్రమే. పాన్ డబ్బా దగ్గర చీటీ రాసేవాడికి ఆ మినహాయింపు లేదు. అక్కడ డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఫిర్యాదు చేయడానికి కూడా భయపడతారు.

ఆ పెద్దావిడ గురించి ఒక మాట మిగిలింది. తర్వాత భయం పోయింది. ఎంత పోయిందంటే, మనవరాలిని చంకనేసుకుని రోజూ సాయంత్రం గోడ మీంచి గుర్రాలకు మిగిలిన రొట్టెలు, అన్నం విసురుతోందని మొన్న అక్కడి సైసు ఫోన్‌లో చెప్పాడు. అలాంటివి తిని గుర్రానికి కడుపునొప్పి లేస్తే నిలబెట్టడం కష్టం. ఈసారి అటు వెళ్ళినప్పుడు ఆవిడకు అదీ చెప్పాలి.