చదరపు అడుగు రేటు: సొంతింటి తగాదాలకు మూలం ఎక్కడ?

సొంత జాగాలో ఇల్లు కట్టించుకునేవారికీ మేస్త్రీకీ మధ్య వచ్చే గొడవల్లో చాలా భాగం 'చదరపు అడుగుకు ఇంత' అన్న మాట దగ్గరే మొదలవుతాయి. ఆ అంకెలో ఏది కలిసింది, ఏది కలవలేదు అన్నది కాగితం మీద ఉండదు. ఈ లెక్క మనకు తాతల నాటి నుంచి వచ్చిందేమీ కాదు.

1982 దాకా సిమెంటు పూర్తిగా ప్రభుత్వ నియంత్రణలో ఉండేది. ఇల్లు కట్టాలంటే పర్మిట్ మీద బస్తాలు తెచ్చుకోవాలి. సరుకు ఇంటివారిది, పని మేస్త్రీది. రోజుకూలికో, గుత్తకో మాట్లాడుకునేవారు. 1982 ఫిబ్రవరిలో కొంత, 1989 మార్చిలో పూర్తిగా సిమెంటుపై నియంత్రణ పోయింది. 1992లో ఇనుము ధరలూ వదిలేశారు. ఇక ఎవరైనా ఎంతైనా కొనొచ్చు కాబట్టి, సరుకుతో సహా ఇల్లు కట్టి తాళం చేతికిచ్చే కాంట్రాక్టుకు దారి పడింది.

అదే కాలంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అపార్ట్‌మెంట్లు పెరిగాయి. 1987లో ఉమ్మడి రాష్ట్రం వాటికి ప్రత్యేక చట్టమే తెచ్చింది. ఫ్లాటు ధరను చదరపు అడుగుల్లో చెప్పుకునే అలవాటు విడి ఇళ్లకూ పాకింది. తిరకాసు ఇక్కడే ఉంది. ఫ్లాటు విషయంలో అది అమ్మే సరుకు కొలత. ఇంటి విషయంలో ఇంకా మొదలుకాని పనికి కొలత. పైగా చదరపు అడుగు పొడవు, వెడల్పులనే కొలుస్తుంది. పునాది లోతు, బేస్‌మెంట్ ఎత్తు, పిట్టగోడ, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ దానికి అందవు. 'ఎక్స్‌ట్రా'లన్నీ పుట్టేది అక్కడినుంచే.

ముందు పొడవు, వెడల్పుల సంగతే చూద్దాం. గోడల బయటి అంచుల మధ్య 30 అడుగులకు 30 అడుగుల ఇల్లంటే 900 చదరపు అడుగులు. స్లాబు నాలుగువైపులా రెండేసి అడుగులు బయటికి వస్తే 34కి 34, అంటే 1,156. ఇంటివారు గోడల లెక్క మనసులో పెట్టుకుంటారు, మేస్త్రీ స్లాబు కింద టేపు పెడతాడు. తేడా 256 అడుగులు. రేటులో ప్రతి వంద రూపాయలకూ 25,600 రూపాయలు! ఇద్దరిలో ఎవరూ మోసం చేయలేదు, కొలత ఎక్కడినుంచి ఎక్కడికో ముందు రాసుకోలేదంతే. పోర్టికో, మెట్ల గది, బాల్కనీ పూర్తిగా లెక్కకొస్తాయా, సగమా అన్నది ప్లాను మీదే గుర్తుపెట్టి ఇద్దరూ సంతకాలు చేయాలి.

లోతు మరీ ఇబ్బంది పెడుతుంది. ఒప్పందంలో 5 అడుగుల లోతు అనుకుంటారు. నల్లరేగడి నేలలో గట్టి పొర 8 అడుగుల దగ్గర తగులుతుంది. 5 అడుగుల చదరం గుంతలు తొమ్మిదైతే అదనపు తవ్వకమే 675 ఘనపుటడుగులు. ఆపై పిల్లర్ల కాంక్రీటు, ఇనుము, తిరిగి పూడ్చే పని. అందుకే రేటు మాట్లాడకముందే ఒక గుంత తవ్వించి నేల చూడాలి. బేస్‌మెంటుదీ అదే వరస. వేసిన రోడ్డు మీదే మళ్లీ సీసీ రోడ్డు వేస్తుంటే వీధి ఎత్తు పెరుగుతూ పోతుంది, దాంతో మధ్యలో 'ఇంకో అడుగు లేపండి' అంటారు. 900 చదరపు అడుగుల ఇంటికి ఒక్క అడుగు ఎత్తంటే సుమారు తొమ్మిది యూనిట్ల (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) గ్రావెల్. దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి తోలాల్సింది పదకొండు దాకా.

ఇనుము దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగే, అంటే ఏ చువ్వ ఎక్కడ, ఎంత వేయాలో చూపే ఇంజనీరు నక్షాయే ఆధారం. అది రాకముందు చెప్పిన రేటు ఊహే. 12 ఎంఎం చువ్వ 12 మీటర్లకు 10.66 కిలోలు తూగాలి. ప్రమాణాల్లోనే 5 శాతం అటూ ఇటూ వెసులుబాటు ఉంది కాబట్టి చువ్వల లెక్కన కాకుండా కాటా మీద కొనడమే మేలు.

ఇసుక కథ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో డ్వాక్రా సంఘాలకు ఇచ్చారు, 2016లో ఉచితమన్నారు, 2019లో ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా టన్ను 375 రూపాయలు, 2021లో ప్రైవేటు సంస్థకు అప్పగించి 475, 2024 జూలైలో మళ్లీ ఉచితం. ఉచితమైనా లోడింగు, రవాణా తప్పవు. దూరాన్నిబట్టి లారీ కిరాయే అసలు ధర. పైగా రేవులో టన్నులు, ఊళ్లో యూనిట్లు. వంద ఘనపుటడుగుల యూనిట్ 4 నుంచి 4.5 టన్నులు. తడి ఇసుక ఉబ్బి ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి తొట్టి కొలత కొన్నవారికి నష్టం.

2017లో జీఎస్టీ వచ్చాక ఇంకో మెలిక పడింది. విడి ఇంటికి ఒట్టి లేబర్ కాంట్రాక్టయితే పన్ను లేదు. రిజిస్టరైన కాంట్రాక్టరు సరుకుతో కడితే పన్ను పడుతుంది. ఒప్పందం చివర 'ట్యాక్సులు అదనం' అన్న ముక్క ఉందేమో చూసుకోవాలి. సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత ధరలతో వేసిన అంచనాలను మళ్లీ అడగడంలో తప్పులేదు.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఫ్లాట్లకు కార్పెట్ ఏరియాను, అంటే లోపల వాడుకునే నేల కొలతను నిర్వచించింది గానీ, సొంత స్థలంలో మేస్త్రీతో చేసుకునే ఒప్పందం దాని కిందికి రాదు. మిగిలిన దారుల్లో ఒకటి వినియోగదారుల కమిషన్. 1993 సవరణతో ఇంటి నిర్మాణం 'సేవ'ల్లో చేరింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు, గడువు రెండేళ్లు. అక్కడ నిలబడేవి సంతకాలున్న ప్లాను, ఎక్స్‌ట్రాల రేట్ల పట్టిక, బ్యాంకు ద్వారా చేసిన చెల్లింపులు.

చెల్లింపుల్లో మాత్రం స్లాబు దాకా ఉదారంగా ఇచ్చేయడం అందరూ చేసే పనే. ఖర్చులో దాదాపు సగం స్లాబు తర్వాతే ఉంటుంది. సొమ్ము ముందే చేరితే ప్లాస్టరింగ్ నాటికి కూలీలు వేరే సైటులో తేలుతారు. చివరి 5 శాతం ఆపుకోవాలని ముందే రాసుకుని, డాబా మీద కట్టలు పోసి రెండు రోజులు నీళ్లు నిలిపి, కింద చెమ్మ దిగలేదని చూశాకే ఇవ్వాలి.