తలకి ఆ తీగలన్నీ ఎందుకంటే

పిల్లలూ,

మెదడువాపు వచ్చిన వాళ్ల తలకి అన్ని తీగలు తగిలిస్తారెందుకు, కరెంటు పెడతారా అని అడిగారు. పెట్టరు. మెదడులో పుట్టే కరెంటునే అవి పట్టుకుంటాయి. పుర్రె దాటి పైకొచ్చేసరికి అది సాధారణంగా వోల్టులో పదివేలో వంతు కూడా ఉండదు. అందుకే ఇరవై దాకా చిన్న బిళ్లల్ని పేస్టుతో తలకి అంటించి, ఆ కరెంటును పెద్దది చేసి గీతలుగా చూపిస్తారు. అదే ఈఈజీ. మనిషి మెదడు తరంగాల్ని మొదట 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ నమోదు చేశాడు. చేసి, 1929 దాకా లోకానికి చెప్పలేదు!

మెలకువగా ఉన్న పెద్దవాళ్లు కళ్లు మూసుకుంటే తల వెనక భాగంలో సెకనుకి 8 నుంచి 13 అలలు కనిపిస్తాయి. మెదడువాపులో ఆ లయ చెదిరి, సెకనుకి నాలుగు కూడా లేని పెద్ద పెద్ద అలలు వస్తాయి. అయితే నిద్రలోనూ, పసిపిల్లల్లోనూ నెమ్మది అలలు మామూలే. అందుకే టెక్నీషియన్ పక్కనే కూర్చుని 'కళ్లు తెరిచాడు', 'దగ్గాడు', 'నిద్రపోయాడు' అని గీతల మీదే రాస్తుంటారు. ఆ రాతలు లేకపోతే దగ్గుకి కదిలిన గీతని కూడా జబ్బనుకునే ప్రమాదం ఉంది.

మెదడువాపు తెచ్చే వైరస్‌లలో హెర్పిస్ ఒకటి. అది ఎక్కువగా కణతల లోపలున్న మెదడు భాగాన్ని పట్టుకుంటుంది. అప్పుడు ఒకోసారి ఆ వైపు మాత్రమే, సెకను నుంచి మూడు సెకన్లకోసారి, గడియారం కొట్టినట్టు ఒక మొనదేలిన గీత లేస్తుంది. చూడగానే డాక్టర్‌కి అనుమానం బలపడుతుంది. కానీ పక్షవాతంలోనూ అలాంటివి రావచ్చు. వైరస్ పేరు ఈఈజీ చెప్పలేదు. అది తేలాలంటే వెన్ను నుంచి తీసిన నీటికి పీసీఆర్ పరీక్ష చేయాలి, ఎమ్మారై కూడా చూస్తారు. ఆ రిపోర్టులు వచ్చేదాకా ఆగరు, హెర్పిస్‌కి వాడే ఎసైక్లోవిర్ అనే మందు ముందే మొదలుపెడతారు.

మరి ఈఈజీ దేనికి? నన్నడిగితే, దాని అసలు విలువ కనిపించని ఫిట్స్‌ని పట్టుకోవడంలోనే ఉంది. పేషెంటు కదలకుండా పడుకుని ఉంటాడు. పిలిస్తే పలకడు, మహా అయితే కనురెప్ప అదురుతుంది. జ్వరం మత్తా, మందుల మత్తా, లోపల ఫిట్స్ ఆగకుండా నడుస్తున్నాయా? పైకి చూసి ఎంత పెద్ద డాక్టరైనా చెప్పడం కష్టం. గీతలు చెబుతాయి. ఫిట్స్ మందు ఎక్కించాక అవి సద్దుమణిగాయో లేదో కూడా అందులోనే చూస్తారు. అందుకే కొందరికి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తీగలు అలాగే ఉంచుతారు.

నొప్పి ఉండదు. పేస్టు మాత్రం జుట్టుకి అంటుకుంటుంది, తలంటితే పోతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య