గ్రాఫిక్స్ టీమ్‌ని తిట్టే ముందు 2013లో ఏం జరిగిందో చూడండి

పెద్ద సినిమా టీజర్ పడగానే ఇదే గొడవ. గ్రాఫిక్స్ కార్టూన్‌లా ఉన్నాయని ట్రోల్స్, ఆ తర్వాత రిలీజ్ వాయిదా. 2022 అక్టోబర్‌లో ఆదిపురుష్ టీజర్‌కీ ఇదే జరిగింది, సంక్రాంతికి రావాల్సింది 2023 జూన్‌కి పోయింది. తిట్లు మాత్రం సిస్టమ్ ముందు కూర్చునేవాళ్ళకే.

గ్రీన్ మ్యాట్ (షూటింగ్‌లో నటుల వెనక కట్టే పచ్చ తెర, దాని స్థానంలో తర్వాత కంప్యూటర్లో వేరే దృశ్యం పెడతారు) ఎప్పుడొచ్చింది, ఎవరు మొదలెట్టారు అన్నది వదిలేద్దాం. అసలు మలుపు 2013 ఫిబ్రవరి. లైఫ్ ఆఫ్ పై సినిమాలో పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా గ్రాఫిక్స్ కంపెనీ (హైదరాబాద్‌లో కూడా వాళ్ళ స్టూడియో ఉండేది) ఆ నెలలోనే దివాలా పిటిషన్ వేసింది, జనాన్ని ఉద్యోగాల్లోంచి తీసేసింది, అదే నెలాఖరుకి అదే సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ కూడా వచ్చింది. సూపర్‌వైజర్ బిల్ వెస్టెన్‌హోఫర్ స్టేజి మీద కంపెనీ కష్టాల మాట ఎత్తేసరికి జాస్ (Jaws) అనే సొరచేప సినిమా మ్యూజిక్ వేసి మాట ఆపేశారు. బయట రోడ్డు మీద వందల మంది ఆర్టిస్టులు నిరసన చేస్తున్నారు. తర్వాత చాలామంది ప్రొఫైల్ ఫోటో తీసేసి ఉత్త పచ్చ రంగు పెట్టుకున్నారు, మేం లేకపోతే మీకు కనపడేది ఇదే అని.

ఆస్కార్ గెలిచే కంపెనీ ఎందుకు మునిగింది? ఫిక్స్‌డ్ బిడ్. రేటు ముందే ఫిక్స్, మార్పులకి మాత్రం లెక్క లేదు, షెడ్యూల్ వెనక్కి జరిగితే ఖాళీగా కూర్చున్న వాళ్ళ జీతాలు కూడా కంపెనీ నెత్తినే.

ఒక్క షాట్ తీసుకోండి. హీరో జుట్టు అంచుల్లో మ్యాట్ పచ్చదనం పడుంటుంది, అది తీయాలి, ఎగిరే వెంట్రుకల్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ రోటో చెయ్యాలి (అంటే చుట్టూ గీత గీసి విడదీయాలి), కెమెరా కదలిక ట్రాక్ చేసి వెనక కోట పెట్టాలి, సెట్లో లైట్ ఎటునుంచి కొట్టారో కోట మీద ఎండ కూడా అటునుంచే పడాలి. ఇదంతా అయ్యాక సాయంత్రం వద్దు, మిట్టమధ్యాహ్నం కావాలంటే? కోట మార్చొచ్చు, కానీ మొహం మీద పడ్డ సాయంత్రం వెలుగుని పూర్తిగా ఎలా మారుస్తారు? మనం అతికించినట్టుందని తిట్టేది సరిగ్గా ఆ షాట్‌నే.

బిడ్ వేసింది కంపెనీలే కదా అని నిర్మాతలంటారు, నిజమే. కానీ కాదంటే ఇంకొకడు తక్కువకి తీసుకుంటాడు.

లైఫ్ ఆఫ్ పైలో తుఫాను సీన్ చేసిన ఎంపీసీ అనే గ్రాఫిక్స్ కంపెనీ కూడా 2025 ఫిబ్రవరిలో మాతృసంస్థ టెక్నికలర్‌తో పాటే కూలింది, బెంగళూరు, ముంబై ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు రోడ్డున పడ్డారు. అమెరికాలో మార్వెల్ సినిమా కంపెనీలో విఎఫ్ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) వాళ్ళు 2023లో యూనియన్‌కి ఓటేశారు. ఇక్కడ కనీసం ఎన్ని కరెక్షన్ల తర్వాత అదనంగా కట్టాలో అగ్రిమెంట్‌లో రాయించండి, దాంతో మొదలెట్టొచ్చు.